ప్లగ్గులో కరెంటు లేదంటే

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో సముద్రపు వేట మీద నిషేధం. పెద్ద మరపడవలే కాదు, మోటారు బిగించిన తెప్పలు కూడా ఆ రెండు నెలలూ ఒడ్డుకెక్కుతాయి. పడవ వెనక చెక్కకు బిగించిన మోటారును విప్పి ఇంటికి మోసుకొచ్చి, ఏ పాకలోనో గోనెపట్టా కప్పి ఉంచుతారు. బయట రోహిణి ఎండ, ఉక్క, ఉప్పు గాలి. జూన్‌లో మళ్లీ బిగించి తాడు లాగితే, ఏప్రిల్ దాకా రెండు లాగులకే అందుకున్న ఇంజను ఇరవై లాగినా పలకదు. మెకానిక్ ప్లగ్గు విప్పి చూసి "కరెంటు రావడం లేదు" అంటాడు. మోటారు పాతదైతే ఆ వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది, "కాయిల్ పోయింది" అని. ఆ రెండో మాట గురించే ఈ ప్రసంగం. కరెంటు రావడం లేదన్నది కంటికి కనిపించిన సంగతి. కాయిల్ పోయిందన్నది ఊహ. ఆ రెండింటి మధ్య చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. పాత మోటారులో కరెంటు ఆగినప్పుడు నిజంగా చచ్చిపోయిన భాగం ఉండేది తక్కువ. కరెంటు పోవలసిన దారిలో అడ్డమో, పోకూడని చోట దొడ్డిదారో ఏర్పడి ఉండేదే ఎక్కువ. అది తేల్చుకోకుండా డబ్బు తీయకూడదన్నది నా వాదన.

ముందుగా ఆ కరెంటు ఎక్కడ పుడుతుందో చూద్దాం. బ్యాటరీతో పనిలేని పాత మోటారును ఉదాహరణగా తీసుకుంటాను. నార్వేలో పుట్టి అమెరికాలోని మిల్వాకీలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనక తగిలించే మోటారును వ్యాపార సరుకుగా నిలబెట్టాడు. 1950లలో, 60లలో అదే పేరుతోనూ, జాన్సన్ పేరుతోనూ వచ్చిన రెండు సిలిండర్ల మోటార్లు ఇప్పటికీ లోకంలో చాలాచోట్ల నడుస్తున్నాయి. వాటి నెత్తిన బరువైన చక్రం ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు ఫ్లైవీల్, మన మెకానిక్కుల నోట మ్యాగ్నెట్. నిజానికి ఆ పేరే దానికి తగినది, ఎందుకంటే దాని లోపలి అంచున శాశ్వత అయస్కాంతాలుంటాయి. చక్రం కింద కదలని పళ్లెం, దానిమీద ఒక్కో సిలిండరుకు ఒక కాయిల్, ఒక జత పాయింట్లు, ఒక కండెన్సర్. తీగచుట్ట పక్కన అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లో కనిపెట్టాడు. దాన్ని ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోగా, ఈనాడు మనం ఎరిగిన రూపంలోకి తెచ్చింది 1902లో జర్మనీలోని బాష్ కర్మాగారం. కాయిల్ లోపల రెండు చుట్టలు. లావు తీగవి కొద్ది చుట్లు, సన్న తీగవి వేల చుట్లు. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు లావు తీగలో కరెంటు పారుతుంది. సరిగ్గా సమయానికి పాయింట్లు విడిపోయి ఆ పారుదలను తెంచేస్తాయి. ఆ తెగిన కుదుపుకే సన్న తీగలో పదివేల వోల్టులకు పైగా లేచి ప్లగ్గు కొన మీద నిప్పురవ్వై దూకుతుంది. బజాజ్ చేతక్, లూనా వంటి పాత బళ్లను బాగుచేసిన వాళ్లకు ఇదంతా తెలిసిన పనే. పడవ మోటారులో కొత్త సంగతి ఉప్పు గాలి ఒక్కటే.

ఇందులో ఒక తేడాను పట్టుకుంటే రోగాలన్నీ రెండు గుంపులుగా విడిపోతాయి. లావు తీగ వైపు వోల్టేజీ చాలా తక్కువ. చేత్తో తాడు లాగే వేగానికి అక్కడ పుట్టే ఒత్తిడి కొద్ది వోల్టులే. వాలు తక్కువైన పంటకాలువలో గుప్పెడు పూడిక చాలు నీరు ఆగిపోవడానికి. అలాగే పాయింట్ల మీద కంటికి ఆనని చిలుము పొర, ఎర్త్ స్క్రూ కింద తుప్పు, వదులైన బిగింపు, వీటిలో ఏ ఒక్కటైనా ఆ కొద్ది వోల్టులకు గోడే. సన్న తీగ వైపు దీనికి పూర్తి వ్యతిరేకం. అక్కడ వేల వోల్టులు నిండు చెరువులా నిలిచి ఉంటాయి, కట్టకు ఎలుక బొరియ ఉంటే చాలు. కాయిల్ మీద వెంట్రుకంత పగులు, ప్లగ్గు తీగ పైతొడుగు పెళుసెక్కి విడిపోయిన చోటు, ప్లగ్గు పింగాణీ మీద ఆరిన ఉప్పునీటి మరక, వీటిగుండా కరెంటు ఇంజను ఇనుములోకి జారుకుంటుంది. ఒకవైపు జబ్బు అడ్డం, రెండోవైపు జబ్బు కారిపోవడం. మొదటిదానికి మందు శుభ్రం చేయడం, రెండోదానికి మందు కప్పు సరిచేయడం లేదా ఆ ముక్క మార్చడం. కొత్త భాగం కొనవలసిన పని ఎక్కువగా రెండో గుంపులోనే ఉంటుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న మోటారుకు పట్టే జబ్బు మాత్రం ఎక్కువగా మొదటి గుంపుదే.

కరెంటు ఉందా లేదా అని చూసే పద్ధతే చాలాచోట్ల తప్పుగా ఉంది కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను. ప్లగ్గు విప్పి, తీగకు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగుతారు. సన్నగా రవ్వ కనిపిస్తే కరెంటు బాగుందనుకుని కార్బరేటరు విప్పడం మొదలుపెడతారు. కానీ బయటి గాలిలో రవ్వ దూకడం తేలిక. సిలిండరు లోపల పిస్టను నొక్కిన గాలి దట్టంగా ఉంటుంది. గాలి ఎంత దట్టమైతే దాన్ని చీల్చుకుని రవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే ప్లగ్గు సందులో, అంటే సుమారు ముప్పావు మిల్లీమీటరులో, రవ్వ దూకిందంటే ఏమీ రుజువు కాదు. బయట ఆరు మిల్లీమీటర్ల సందు దాటగలిగితేనే పాయింట్ల మోటారులో కరెంటు సరిగా ఉన్నట్టు. సందు సరిచేసుకునే స్పార్క్ టెస్టర్ దుకాణంలో దొరుకుతుంది. లేకపోతే గట్టి చెక్కముక్కకు రెండు మేకులు ఆ దూరంలో కొట్టి, ఒకదానికి ప్లగ్గు తీగ, రెండోదానికి ఇంజను ఇనుము నుంచి తీగ తగిలించుకోవచ్చు. రెండు ప్లగ్గులూ విప్పేసి తాడు లాగాలి. అప్పుడు చక్రం తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. వేగం తగ్గితే ఈ యంత్రంలో వోల్టేజీయే తగ్గుతుంది. రవ్వ నీలి తెలుపులో ఉండి టప్పుమని చప్పుడు చేయాలి, పసుపుపచ్చగా నాలుక చాపినట్టుంటే బలహీనం. అయితే రంగు కన్నా సందు నమ్మకమైన సాక్షి. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. రవ్వ ఆ రంధ్రాలకు దూరంగా పడేట్టు చూసుకోవాలి, పెట్రోలు డబ్బా అక్కడినుంచి తీసేయాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. తీగను చేత్తో పట్టుకుని పరీక్షించడం ధైర్యం కాదు, ప్రమాదం.

ఇప్పుడు పరీక్షలో రెండు సిలిండర్లకూ రవ్వ రాలేదనుకుందాం. ఇక్కడే అసలు తర్కం మొదలవుతుంది. నేను చెప్పిన మోటారులో ఒక్కో సిలిండరుకు వేరే కాయిల్, వేరే పాయింట్లు, వేరే కండెన్సర్. ఏప్రిల్‌లో బాగా నడిచిన మోటారులో రెండు కాయిళ్లూ పాకలో పడుకుని ఒకేసారి చచ్చిపోవడం ఎంతవరకు సంభవం? ఒకే ఇంట్లో రెండు దీపాలూ ఒకేసారి ఆరిపోతే ఎవరూ బల్బులు కొనడానికి పరుగెత్తరు, ముందు ఫ్యూజు చూస్తారు. ఇక్కడా అంతే. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. ఉమ్మడిగా ఉన్నవాటిలో మొదటిది ఇంజను ఆపే స్విచ్చి. కారులో తాళం తిప్పి ఆపితే కరెంటు దారి తెగుతుంది. మాగ్నెటోలో పని తలకిందులు. ఆపే స్విచ్చి లావు తీగ వైపు కరెంటును నేరుగా ఇనుములోకి, అంటే ఎర్త్‌లోకి, కలిపేస్తుంది. కలిస్తే ఆగుతుంది, విడిస్తే నడుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని కాయిళ్లు వృథాగా మారుతుంటాయో. స్విచ్చి లోపల ఉప్పు పేరుకుని రెండు కొనలూ కలిసిపోయినా, దాని తీగ ఏ అంచుకో రాసుకుని తొడుగు ఊడి ఇనుముకు తగిలినా, మోటారు తన దృష్టిలో ఆపివేసి ఉన్నట్టే. ఎన్నిసార్లు తాడు లాగినా రవ్వ రాదు. కాస్త కొత్త మోటార్లలో నడిపేవాడి చేతికి కట్టుకునే ఎర్ర తాడు, దాని కొనన క్లిప్పు ఉంటాయి. క్లిప్పు దాని చోట లేకపోయినా ఇదే ఫలితం. అందుకే మొదటి పరీక్ష ఇది. ఆపే స్విచ్చి తీగను మాగ్నెటో దగ్గర విప్పి, దేనికీ తగలకుండా పక్కన పెట్టి, మళ్లీ తాడు లాగాలి. రవ్వ వచ్చిందా, జబ్బు స్విచ్చిలోనో దాని తీగలోనో ఉంది. కాయిల్‌ను నిందించే పనే లేదు. పరీక్ష అయ్యాక దాన్ని బాగుచేసి మళ్లీ తగిలించాలి. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజనును ఆపేది ఆ ఎర్ర తాడే. దాన్ని తీసేసి తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

స్విచ్చి తప్పు కాదని తేలితే అప్పుడు చక్రం విప్పాలి. చక్రాన్ని సుత్తితో కొట్టి ఊడదీయకూడదు, అంచు పట్టుకుని లాగే పుల్లర్ పెట్టకూడదు. నడుమ ఉన్న మూడు రంధ్రాల్లో బోల్టులు బిగించి లాగే పుల్లరే వాడాలి. సుత్తి దెబ్బకు అయస్కాంతాలు కదులుతాయి, క్రాంక్ కొన దెబ్బతింటుంది. చక్రం వచ్చాక కనిపించే పాయింట్ల జతను దగ్గరగా చూడండి. రెండు చిన్న లోహపు బొట్లు, చీమ తలకాయంత. వేలితో కాస్త విడదీసి వెలుగులో చూస్తే ముఖం మీద మసకబారిన బూడిదరంగు కనిపిస్తుంది. చూడటానికి మురికిలా కూడా ఉండదు, రంగు తగ్గిందనిపిస్తుంది అంతే. రెండు నెలలు ఉప్పు గాలిలో కదలకుండా ఉంటే కట్టే పొర అది. మోటారు రోజూ నడుస్తుంటే పాయింట్లు కొట్టుకుంటూ తమను తామే శుభ్రం చేసుకుంటాయి. ఆగితే పొర గెలుస్తుంది. చిన్న ఆకురాయితో, లేకపోతే చాలా నున్నటి ఉప్పుకాగితంతో ఒకటి రెండుసార్లు మెల్లగా గీకాలి. గరుకు రాలితే అది లోహంలో దిగబడి మళ్లీ అడ్డమవుతుంది కాబట్టి, తరవాత స్పిరిట్‌లో తడిపిన తెల్లకాగితపు ముక్కను పాయింట్ల నడుమ పెట్టి లాగాలి. కాగితం మీద నల్లటి గీత పడుతుంది. ఇంకో ముక్క పెట్టి లాగాలి. గీత పడుతున్నంతవరకు ఆపకూడదు. నూనె వేళ్లతో ముట్టుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఆపైన, పాయింట్లను విడదీసే కామ్ వాటిని బాగా పైకి లేపిన చోట సందు చూడాలి. ఈ మోటార్లకు 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు. ఫీలర్ గేజి ఆకు సందులో పట్టీపట్టనట్టు జారాలి.

ఈ దశలో మల్టీమీటరు తెచ్చేవాళ్లకు ఒక మాట. పాయింట్లు తెరిచినా మూసినా మీటరు కలిసే ఉన్నట్టు చూపిస్తుంది, దాంతో పాయింట్లు షార్టయ్యాయనుకుంటారు. అది పొరపాటు. కాయిల్ లావు తీగ ఒక కొన పాయింట్లకు, రెండో కొన ఎర్త్‌కు కలిసి ఉంటుంది. మీటరు చూపేది ఆ తీగనే. కాయిల్ నుంచి వచ్చే తీగను పాయింట్ల దగ్గర విప్పాకే కొలవాలి. అప్పుడు మూసినప్పుడు దాదాపు సున్నా, తెరిచినప్పుడు దారే లేనట్టు చూపాలి. మూసినా పదీ ఇరవై ఓమ్‌లు చూపిస్తే ఇంకా పొర పోలేదన్నమాట. మీటరుకు ఉన్న ఇంకో పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. అది చిన్న బ్యాటరీతో కొలుస్తుంది. కాయిల్ కప్పు చిట్లేది వేల వోల్టుల దగ్గర. తీగ తెగిపోయిన కాయిల్‌ను మీటరు పట్టిస్తుంది, కానీ మీటరులో సరిగా వచ్చిందని కాయిల్ మంచిదని తీర్పు చెప్పలేం.

పాయింట్లు శుభ్రమై, స్విచ్చి విడిగా ఉండి, ఒక సిలిండరుకు మంచి రవ్వ, రెండోదానికి రవ్వ లేదనుకోండి. అప్పుడు మీ చేతిలో అన్నిటికన్నా మంచి కొలబద్ద ఉంది, పక్కనే నడుస్తున్న జత. రెండు కండెన్సర్లనూ అటుదిటు మార్చి చూడండి. జబ్బు కండెన్సరుతోపాటు అవతలికి పోతే దోషి దొరికినట్టే. పోకపోతే కాయిళ్లను మార్చండి. దుకాణానికి వెళ్లకుండానే, ఒక్క రూపాయి పెట్టకుండానే తేలిపోతుంది. కండెన్సర్ పని పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడ మెరుపు రాకుండా కరెంటును టక్కున తెంచడం. అది చెడితే పాయింట్లు నల్లగా కాలి గుంటలు పడతాయి, రవ్వ పసుపుపచ్చగా బలహీనపడుతుంది. కాయిల్‌కు మాత్రం వయసు జబ్బు నిజంగానే ఉంది, ఆ సంగతి దాచను. ఆ కాలపు జాన్సన్, ఎవిన్‌రూడ్ కాయిళ్ల పైకప్పు ఏళ్ల వేడికి బీటలు వారడం పేరుపడ్డ లోపం. అలాంటి కాయిల్ మార్చవలసిందే. కానీ బీట కంటికి కనిపిస్తుంది. పగలు కనిపించకపోతే దీపం ఆర్పేసి, చీకట్లో తాడు లాగించి చూడండి. కరెంటు కారుతున్న చోట కాయిల్ పక్కనో, ప్లగ్గు తీగ వెంటో సన్నటి నీలి దారం మెరిసి మాయమవుతుంది. ఒకసారి చూస్తే దాన్ని మరచిపోరు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, అరగంట నడిచాక ఆగి, చల్లారితే మళ్లీ లేచే మోటారుకు వేడిమీదే పరీక్ష చేయాలి. వేడికి తీగ సాగి విడిపోవడమో, కండెన్సర్ లోపల కలిసిపోవడమో అప్పుడే బయటపడుతుంది. చల్లారాక చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

రవ్వ బలంగా ఉన్నా ఇంజను లేవక, ఎదురు తన్నుతుంటే చక్రం కింది తాళం ముక్క చూడాలి. చక్రాన్ని క్రాంక్ మీద సరైన కోణంలో నిలిపే చిన్న లోహపు ముక్క అది. సగం తెగి చక్రం కొంచెం పక్కకు తిరిగితే రవ్వ వస్తుంది, కానీ వేళకు రాదు.

ఇంతవరకు విన్నాక ఒక అభ్యంతరం సహజం. ఇన్ని పరీక్షలెందుకు, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్లు, కాయిళ్లు అన్నీ ఒకేసారి మార్చేస్తే పోలేదా, వేట పోయిన రోజు కూలి కన్నా అది తక్కువే కదా అని. తూచి చూడవలసిన మాటే, ఎందుకంటే మత్స్యకారుడికి సమయమే డబ్బు. అయినా నేను దీన్ని ఒప్పుకోను. ఆపే స్విచ్చి తీగ రాసుకుని ఉంటే అన్నీ మార్చినా మోటారు లేవదు, అప్పుడు డబ్బూ పోయింది, రోజూ పోయింది. రెండోది, పాత మోటారుకు కంపెనీ భాగాలు దొరకడం కష్టమవుతోంది. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీయే 2020లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి వేరేవాళ్లు చేసిన భాగాలు. వాటిలో మంచివి ఉన్నాయి, పెట్టెలోంచి తీసినప్పుడే పనిచేయనివీ ఉన్నాయి. నాలుగు కొత్త భాగాలు ఒకేసారి పెట్టి వాటిలో ఒకటి చెడ్డదైతే, పాత జబ్బు మీద కొత్త జబ్బు కలిసి ఏది ఏదో తెలియకుండా పోతుంది. మూడోది, అదృష్టం బాగుండి మోటారు లేచినా, ఏ భాగం చెడిందో మెకానిక్‌కు తెలియదు. కుప్పలో పారేసిన మంచి కాయిల్ వచ్చే ఏడాది నడిసముద్రంలో పనికొచ్చేది. ఒక్కో మార్పుకూ ఒక్కో పరీక్ష అన్న పద్ధతి నిదానమనిపిస్తుంది. స్విచ్చి తీగ విప్పి తాడు లాగడానికి పట్టేది అయిదు నిమిషాలు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. పాయింట్ల కాలం పోయింది, గత కొన్ని దశాబ్దాల మోటార్లన్నీ దాదాపు సీడీఐవే, అంటే పాయింట్ల పనిని ఎలక్ట్రానిక్ పెట్టె చేసేవే, వాటిలో గీకడానికి పాయింట్లే లేవు కదా, ఈ మాటలు వాటికెలా పనికొస్తాయని. నిజమే, సీడీఐ పెట్టె మూసి ఉంటుంది, లోపలికి ఆకురాయి పోదు. కానీ నేను చెప్పిన తర్కానికి అక్కడ ఇంకా ఎక్కువ అవసరం. సీడీఐలో కూడా చక్రం కింద కరెంటు పుట్టించే చార్జి కాయిల్ ఉంది, వేళ చెప్పే ట్రిగ్గర్ కాయిల్ ఉంది, ఆపే స్విచ్చి అక్కడా ఎర్త్‌లో కలిపే పనే చేస్తుంది. అన్నిటిలో ఖరీదైనది సీడీఐ పెట్టె. మామూలు మీటరుతో కచ్చితంగా పరీక్షించలేనిదీ అదే. అందుకే అందరి వేలూ ముందు దానిమీదికే పోతుంది. పరీక్షకు లొంగనిదాన్ని చివరకు మిగలనివ్వాలి గాని, మొదట నేరం దానిమీద మోపకూడదు. ముందు ఆపే తీగ విప్పి చూడాలి. తరవాత పెట్టె ఎర్త్ బోల్టు విప్పి, దాని కింద తెల్లగా పేరుకున్న ఉప్పు గీకి బిగించాలి. జాయింట్ల లోపల పచ్చ చిలుము ఉందేమో చూడాలి. చార్జి కాయిల్, ట్రిగ్గర్ కాయిల్ ఓమ్‌లు ఆ మోటారు పుస్తకంలోని అంకెతో సరిపోతున్నాయో కొలవాలి. ఇవన్నీ సరిగా ఉండి రవ్వ లేకపోతే అప్పుడు పెట్టె మార్చమనండి, నేనూ మార్చమంటాను. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. సీడీఐ మోటారు ప్లగ్గు తీగలను గాలిలో వదిలి తాడు లాగకూడదు. దూకడానికి చోటు లేని వోల్టేజీ పెట్టెను లోపలే చీలుస్తుంది. టెస్టరుకో ఎర్త్ చేసిన ప్లగ్గుకో తగిలించే లాగాలి.

ప్లగ్గుల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటిని మార్చడం అందరికీ తెలుసు. కిరోసిను మీద నడిచే మోటారును పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరోసినుకు మారుస్తారు. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపకపోతే ప్లగ్గు కిరోసిను తడితో, మసితో మూసుకుపోతుంది. అది కరెంటు జబ్బులా కనిపించే ఇంధనపు జబ్బు. పెట్రోలులో నూనె పాలు కూడా ఆ మోటారుకు చెప్పినంతే ఉండాలి. జాన్సన్, ఎవిన్‌రూడ్‌లలో 1964కు ముందువాటిలో చాలావాటికి 24కు 1, ఆ తరవాతివాటికి 50కి 1. ప్లగ్గు మసిని పోగొట్టడానికని నూనె తగ్గిస్తే బేరింగులు పోతాయి.

చివరి అభ్యంతరం వేరే వైపునుంచి వస్తుంది. ఈ పాత రెండు స్ట్రోకుల మోటార్లు సముద్రాన్ని పాడుచేస్తాయి, వీటిని బతికించే బదులు పారేయాలి కదా అని. అందులో సత్యం ఉంది. ఈ రకం మోటారు బాగా నడుస్తున్నప్పుడే పోసిన ఇంధనంలో నాలుగో వంతు దాకా కాలకుండా పొగగొట్టం వెంట నీళ్లలోకి పోవచ్చు. నాలుగు స్ట్రోకుల మోటారు కొనగలిగినవాళ్లు కొనాలి. కొనలేనివాళ్లు మాత్రం రేపు ఉదయం కూడా ఈ మోటారుతోనే సముద్రంలోకి పోతారు. రవ్వ ఒక్కసారి తప్పితే ఆ విడతలో పీల్చుకున్న ఇంధనమంతా కాలకుండా బయటికే పోతుంది. రవ్వ తప్పే మోటారు పెట్రోలూ తింటుంది, నీళ్లనూ పాడుచేస్తుంది, గాలి తిరిగిన వేళ తెప్పను నడిసముద్రంలో వదిలేస్తుంది. కాబట్టి దాన్ని సరిగా నడిచేలా ఉంచడం సముద్రానికీ మేలే, మనిషికీ మేలే.

నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఆ తేదీకి వారం ముందే మోటారు మీది గోనెపట్టా తీయండి. ప్లగ్గులు విప్పి, ఆరు మిల్లీమీటర్ల సందులో రవ్వ దూకుతుందో లేదో ఒడ్డునే చూసుకోండి. దూకకపోతే దుకాణానికి బయలుదేరే ముందు ఆపే స్విచ్చి తీగ విప్పి ఇంకొక్కసారి తాడు లాగండి. ఇంజను లేస్తే దాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచి మాత్రమే నడపండి, పొడిగా నడిస్తే నీటి పంపు లోపలి రబ్బరు నిమిషాల్లో పాడవుతుంది. పడవలోకి ఎక్కేటప్పుడు రెండు మంచి ప్లగ్గులు, ప్లగ్గు స్పానరు, పొడిగుడ్డ ఒక డబ్బాలో పెట్టి గట్టిగా మూత బిగించి తీసుకువెళ్లండి. ఎర్ర తాడు చేతికి కట్టుకోండి.